ఓడ దిగేదాకా అందరం సమానమే

నీలం రంగు చదరంలో తెల్లటి చక్రాల కుర్చీ బొమ్మ ఉంటుంది కదా, ఆ బొమ్మ మీద నాకు నమ్మకం పోయింది. బొమ్మ ఉన్న చోటల్లా దారి ఉంటుందని ఇంకా ఎవరైనా అనుకుంటుంటే, ఒకసారి క్రూజ్ కంపెనీలవాళ్ళు ఊళ్ళు చూపించడానికి అమ్మే టూర్ల జాబితా తెరిచి, ఆ బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. పైన "చక్రాల కుర్చీవారికి అనువైనది" అని ఉంటుంది. కింద "కుర్చీ మడత పడేదై ఉండాలి, ప్రయాణికులు బస్సు మెట్లు ఎవరి సాయమూ లేకుండా ఎక్కగలగాలి" అని ఉంటుంది. మెట్లు ఎక్కగలిగిన మనిషి కుర్చీలో ఎందుకు కూర్చుంటుందండీ? నాలుగడుగులు వేయగలిగి, దూరం నడవలేక కుర్చీ వాడేవాళ్ళు ఉంటారు, నిజమే. వాళ్ళకి ఆ బస్సు సరిపోతుంది. ఒక్క మెట్టు కూడా ఎక్కలేనివాళ్ళకీ అదే బొమ్మ చూపించి డబ్బు తీసుకోవడం మాత్రం నాకు మింగుడు పడదు.

మా అత్తయ్యగారికి మూడేళ్ళ క్రితం పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ సరిగా స్వాధీనంలో లేవు. మాటా, జ్ఞాపకం, వెటకారం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఈ వేసవిలో ఇక్కడికి వచ్చారు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళందరికీ తెలుసు, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తే చూపించాల్సిన వాటికి ఒక జాబితా ఉంటుంది. నయాగరా, న్యూయార్క్, వేగాస్ మీదుగా గ్రాండ్ కాన్యన్. ఇప్పుడు ఆ జాబితాలోకి అలాస్కా క్రూజ్ కూడా చేరింది. "పెద్దవాళ్ళకి క్రూజే హాయి, సామాను మోయక్కర్లేదు, నడవక్కర్లేదు, ఊళ్ళే మన దగ్గరికి వస్తాయి" అని ప్రతి పార్టీలోనూ ఎవరో ఒకరు చెప్తారు. నేను కాదనను. ఓడ వరకు అది నిజమే.

ఓడ లోపల నిజంగానే బాగుంది. వెడల్పాటి తలుపులు, గడప లేని బాత్‌రూమ్, స్నానానికి కూర్చునే బల్ల, ప్రతి అంతస్తుకీ లిఫ్టు. అత్తయ్యగారు రెండో రోజుకే పదకొండో అంతస్తులో ఫిల్టర్ కాఫీ లాంటిదేదో దొరికే చోటు కనిపెట్టి, నన్నే తీసుకెళ్ళారు. అయితే ఇదంతా కంపెనీవాళ్ళ దయ అనుకుంటే పొరపాటు. ఈ ఓడల్లో చాలా వాటి మీద బహామాస్‌దో పనామాదో జెండా ఎగురుతుంది. మాది అమెరికా ఓడ కాదు, మీ వికలాంగుల చట్టం మాకు వర్తించదు అని కంపెనీలు వాదించాయి. స్పెక్టర్ అనే ఆయనా, మరికొందరూ నార్వీజియన్ క్రూజ్ లైన్ మీద వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అమెరికా నీళ్ళల్లోకి వచ్చి అమెరికా ప్రయాణికులను ఎక్కించుకునే విదేశీ జెండా ఓడలకు కూడా 1990 నాటి ఆ చట్టం వర్తిస్తుందని, ఓడ అంతర్గత వ్యవహారాలకు సంబంధించిన కొన్ని మినహాయింపులతో, 2005లో కోర్టు తేల్చింది. అంటే మా అత్తయ్యగారి స్నానానికి బల్ల వేసింది ఎవరి మంచితనమూ కాదు, ఎవరో కుర్చీలో కూర్చుని కోర్టుకి వెళ్ళబట్టి వచ్చింది.

అసలు కథ ఓడ గుమ్మం దగ్గర మొదలవుతుంది.

అలాస్కా ఆగ్నేయ తీరంలో ఆటుపోట్లు మన గోదావరి జిల్లాల సముద్రంలో లాగా ఉండవు. పెద్ద పోటు రోజుల్లో నీళ్ళు ఇరవై అడుగులు లేచి దిగుతాయి. పొద్దున ఓడ గుమ్మం నుంచి గట్టు మీదకి వేసిన వంతెన చదునుగా ఉంటుంది, మధ్యాహ్నం భోజనం వేళకి అదే వంతెన ఏటవాలు జారుడుబల్ల అయిపోతుంది. చక్రాల కుర్చీ వాలుకి ఒక లెక్కుంది. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. ఇండియాలోనూ అంతే, ఇక్కడా అంతే. పది అడుగులు తేడా వస్తే నూట ఇరవై అడుగుల వాలు కావాలన్నమాట. కుర్చీ వెనక చేతులు వేసి తోసేవాళ్ళకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు, భుజాలకే తెలుస్తుంది.

దీనికి పరిష్కారం లేదా అంటే ఉంది. జూనోలో 2016, 2017 సంవత్సరాల్లో నీళ్ళతో పాటు లేచి దిగే తేలే గట్లు రెండు కట్టారు. సముద్రాన్ని ఆపలేరు కాబట్టి గట్టునే కదిలేలా చేశారు. డబ్బు ఎక్కడిదంటారా? అలాస్కా రాష్ట్రం పెద్ద ఓడల ప్రయాణికుల దగ్గర తలకి 34 డాలర్ల 50 సెంట్లు పన్ను వేస్తుంది. జూనో ఊరు తన రుసుము తాను వేస్తుంది. ఆ డబ్బుతో ఊరివాళ్ళు గట్టున నడకదారీ, తిమింగలం బొమ్మ ఉన్న పార్కూ కట్టుకున్నారని క్రూజ్ కంపెనీల సంఘం 2016లో కోర్టుకెక్కింది. ఆ డబ్బు ఓడల అవసరాలకే వాడాలి గానీ ఊరి షోకులకు కాదని దాని వాదన. మూడేళ్ళు నడిచి చివరికి రాజీ అయింది. ఆ తగవులో ఎవరిది న్యాయమో నాకు అనవసరం. ప్రయాణికుడి తలకి ఇంత అని వసూలు చేసిన డబ్బు ప్రయాణికుడి కోసమే ఖర్చు కావాలని అంత గట్టిగా అడిగినవాళ్ళు, కుర్చీలో వచ్చిన తలని ఎందుకు మర్చిపోతారు అన్నదే నా ప్రశ్న. ఓడ దిగినా దిగకపోయినా ఆ పన్ను మా అత్తయ్యగారి టిక్కెట్టులో ఉంది. కుర్చీలో ఉన్నారు కదా అని ఒక్క సెంటు తగ్గించలేదు.

జూనోలో మేం మెండెన్‌హాల్ అనే హిమానీనదం చూడటానికి టూర్ కొన్నాం. ఊరికి పన్నెండు, పదమూడు మైళ్ళు. అమెరికాలో సామాను కింద పెట్టి మనుషులు పైన కూర్చునే పెద్ద టూరిస్టు బస్సులవాళ్ళకి ఒక నిబంధన ఉంది. 48 గంటల ముందు అడిగితే కుర్చీతో సహా ఎక్కించుకునే లిఫ్టు ఉన్న బస్సు పంపాలి. నేను 48 గంటలు కాదు, ఆరు వారాల ముందు ఫోన్ చేశాను. కుర్చీ వెడల్పు, బరువు, ఆవిడ లేచి నిలబడలేరన్న సంగతీ అన్నీ చెప్పాను. లిఫ్టు బస్సే వస్తుందన్నారు. మెయిల్ కూడా పంపారు. ఆ మెయిల్ కాగితం మీద తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

గట్టు మీదకి వచ్చింది మామూలు బస్సు. నిటారుగా ఉన్న మెట్లు, సన్నటి తలుపు. డ్రైవరు పాపం పాతికేళ్ళ కుర్రాడు, లిఫ్టు బస్సు రిపేరులో ఉందని వాడికే అప్పుడే తెలిసినట్టుంది. చాలా మర్యాదగా, "మేం ఇద్దరం కలిసి మేడమ్‌ని ఎత్తి కూర్చోబెడతాం" అన్నాడు. ఇక మన వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. మాతో వచ్చిన రెండు కుటుంబాల మగవాళ్ళు అప్పటికే చొక్కా చేతులు మడిచేశారు. "నలుగురం ఉన్నాం కదా అమ్మా, పువ్వులా ఎత్తుకెళ్ళిపోతాం."

అత్తయ్యగారు వాళ్ళని ఒకసారి పైనుంచి కిందకి చూసి, "ఎత్తుతారయ్యా, నేనేమన్నా బియ్యం బస్తానా?" అన్నారు.

అక్కడ ఉన్న చాలామందికి అది ముసలావిడ మొండితనంలా కనిపించింది. నాకు అలా కనిపించలేదు. చీర కట్టుకున్న డెబ్బై రెండేళ్ళ మనిషిని, పరాయి మగవాళ్ళు చంకల కిందా మోకాళ్ళ కిందా చేతులు వేసి, నలభై మంది చూస్తుండగా పైకి లేపడం ఎలా ఉంటుందో లేపేవాళ్ళకి తెలియదు. వాళ్ళ మనసులో ఉన్నది సాయం. సాయం చేశామన్న తృప్తితో ఇంటికి వెళ్తారు. ఎత్తించుకున్న మనిషి మాత్రం దిగేటప్పుడు మళ్ళీ ఎత్తాలి, మళ్ళీ ఎక్కేటప్పుడు ఎత్తాలి, ఎవరి నడుమైనా పట్టేస్తే నా వల్లే అనుకుంటూ కూర్చోవాలి. పట్టుతప్పి కింద పడితే విరిగేది ఎవరి ఎముక? మన తెలుగు ఇళ్ళల్లో ఈ "ఎత్తుకెళ్తాంలే" అన్న మాటకి ఉన్నంత గౌరవం ఇంకే మాటకీ లేదు. తిరుపతిలో ఎత్తుతాం, పెళ్ళి మండపం మెట్ల మీద ఎత్తుతాం, ఫ్లైఓవర్ కింద ఆగిన బస్సులోకి ఎత్తుతాం. నలుగురు కొడుకులు ఎత్తడానికి సిద్ధంగా ఉన్నంతకాలం ఏ మండపంవాడూ ర్యాంపు కట్టడు. ఈ మాట మగవాళ్ళకి కోపం తెప్పిస్తుందని తెలుసు, అయినా ఇదే అంటాను.

పిల్లలు ఎదురుచూస్తున్నారు కాబట్టి వాళ్ళని తీసుకుని మావారు వెళ్ళారు. నేనూ అత్తయ్యగారూ ఆగిపోయాం. ఆవిడ టిక్కెట్టు డబ్బులు అక్కడికక్కడే వెనక్కి ఇచ్చారు. నా టిక్కెట్టు డబ్బులు ఇవ్వలేదు. ఎందుకంటే, "మీరు ఎక్కగలరు కదా మేడమ్!" అన్నారు.

ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఇదంతా రాస్తున్నాను. కుర్చీకి దారి లేని చోట ఆగిపోయేది ఎప్పుడూ ఒక్కరు కాదు, ఇద్దరు. రెండో మనిషి ఏ లెక్కలోనూ కనబడదు. ఆవిడ కూతురో, కోడలో, భార్యో అయి ఉంటుంది. ఆ మధ్యాహ్నం గట్టు మీద తిరుగుతూ నేను చూసిన ఐదు కుర్చీల్లో నాలుగింటి వెనక ఆడవాళ్ళే ఉన్నారు. ఒకావిడ టెక్సస్ నుంచి వచ్చిందట, పార్కిన్సన్స్ ఉన్న భర్తతో. ఇది వాళ్ళకి నాలుగో క్రూజట. "నేను చాలా ఊళ్ళ గట్లు చూశాను, ఊళ్ళు చూడలేదు" అంది నవ్వుతూ. ఓడలో ఆమెకి కావలసినన్ని లిఫ్టులు ఉన్నాయి. బయట ఆమె భర్తకి బస్సు లేకపోతే ఆమెకీ లేదు. ఇంట్లో ఎలాగూ మనమే ఆగిపోతాం, డబ్బు కట్టి సెలవుకి వెళ్ళినప్పుడు కూడా మనమే ఆగిపోతే అది ఎవరి సెలవు?

సాయంత్రం పిల్లలు తిరిగొచ్చి ఏమన్నారో తెలుసా? "మామ్మా, అక్కడ దారి అంతా చదునుగా ఉంది, నీ కుర్చీ అద్దం దగ్గరికి కూడా వెళ్ళిపోయేది." అద్దమంటే విజిటర్ సెంటర్‌లోని పెద్ద కిటికీలు, హిమానీనదం వైపు ఉంటాయి. ఫోటోలు తీసుకునే చోటు దాకా కూడా కుర్చీకి వీలైన బాట ఉంది. అది నాకు ముందే తెలుసు, అందుకే ఆ టూర్ ఎంచుకున్నాం. ప్రభుత్వం అడవిలో మంచుకొండ దాకా బాట వేసింది. కంపెనీ ఓడకి లిఫ్టులు పెట్టింది. మధ్యలో ఉన్న నాలుగు బస్సు మెట్లు ఎవరి పూచీ అంటే ఎవరిదీ కాదు. టూర్ అమ్మింది ఓడ కంపెనీ, బస్సు నడిపేది వేరే కాంట్రాక్టరు, గట్టు ఊరివాళ్ళది. ఓడ కంపెనీ కాగితాల్లో "టూర్లు నడిపేది స్వతంత్ర సంస్థలు, మాకు బాధ్యత లేదు" అని రాసి ఉంటుంది. కమిషన్ తీసుకునేటప్పుడు మాత్రం ఆ స్వతంత్రం గుర్తుకు రాదు.

"ఈ కొండల్లో, ఇంత చిన్న ఊళ్ళల్లో ఎంతకని చేస్తారండీ" అనేవాళ్ళకి నా దగ్గర ఒక జవాబుంది. మర్నాడు స్కాగ్‌వేలో రైలెక్కాం. 1898లో క్లాండైక్ బంగారం కోసం జనం ఎగబడిన రోజుల్లో మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన రైలు మార్గం అది. పట్టాల మధ్య మూడడుగులే. ఇరవై మైళ్ళలో 2,865 అడుగులు ఎక్కుతుంది. లోయ అంచున వెళ్తుంటే కిందకి చూడటానికి గుండె కావాలి. ఆ రైలుకి చక్రాల కుర్చీని ఎక్కించే లిఫ్టు ఉంది. ముందుగా చెప్పాం, పెట్టారు, అత్తయ్యగారు తన కుర్చీలోనే ఎక్కారు. ఎవరూ ఆవిడని ముట్టుకోలేదు. దారంతా కిటికీకి అతుక్కుపోయి, "ఇంత ఎత్తు కొండకి రైలెక్కించినవాళ్ళకి నిన్న బస్సు ఎక్కించడం చేతకాలేదా?" అన్నారు. నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

చట్టం అంటే కంపెనీలకి భయం లేదనుకోకండి, చాలా ఉంది. మన ఓడ సీటిల్‌లో ఎక్కించుకుని సీటిల్‌లోనే దించినా, మధ్యలో కెనడాలోని విక్టోరియాలో ఆగింది. ఎందుకంటే విదేశీ జెండా ఓడలు మధ్యలో పరాయి దేశంలో ఆగకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. తప్పితే తలకి ఇంత అని జరిమానా. అందుకని రాత్రి భోజనాలయ్యాక నాలుగు గంటలు విక్టోరియాలో నిలబెట్టారు. ఆ నాలుగు గంటల కోసం మా అత్తయ్యగారికి కెనడా వీసా కూడా తీసుకోవాల్సి వచ్చింది, వేలిముద్రలతో సహా. (పక్షవాతం వచ్చిన చేతి వేళ్ళు మెషీన్ మీద పెట్టించడం ఇంకో వ్యాసం.) నూట ముప్పై ఏళ్ళు దాటిన చట్టం కోసం ఓడ దారినే మార్చగలిగినవాళ్ళకి, 1990 నాటి చట్టం కోసం ఒక బస్సు మార్చడం "లభ్యతను బట్టి" అట.

ఓడ గట్టు దాకా రాలేని చోట్ల ఇంకా అన్యాయం. దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతారు, టెండర్లంటారు. మా చెల్లెలు ఫ్లోరిడాలో ఉంటుంది, వాళ్ళ వైపు జనం కరీబియన్ వెళ్తారు. అక్కడ గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలకి గట్టే లేదు, అందరూ టెండర్ ఎక్కాల్సిందే. అల ఊగుతుంటే కుర్చీని ఎక్కించాలా వద్దా అన్నది ఓడవాళ్ళ ఇష్టం. గట్టు కట్టాలా అని 2025 ఏప్రిల్‌లో అక్కడ ప్రజల ఓటు అడిగితే వద్దన్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళ సముద్రం, వాళ్ళ పగడపు దిబ్బలు, వాళ్ళిష్టం. కానీ కుర్చీని మెట్లు లేకుండా టెండర్‌లోకి పంపే ఏర్పాటు ఉన్న ఓడలు కొన్ని ఉన్నాయి. ఉన్న ఓడలకే అటువైపు వెళ్ళే కుర్చీ ప్రయాణికులను అమ్మాలి. లేకపోతే టిక్కెట్టు కొనేటప్పుడే "ఈ ఊళ్ళో మీరు దిగలేకపోవచ్చు" అని పెద్ద అక్షరాల్లో చెప్పాలి. దిగాల్సిన రోజు పొద్దున ఎనిమిదింటికి కాదు.

అన్నీ కుర్చీకి అందాలని నేను అనడం లేదు. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఉంది. లోపల మనుషులే తల వంచుకుని దూరాలి, అందులోకి కుర్చీ పోదు. దాన్ని కోసి వెడల్పు చేయమని ఎవరూ అడగరు. అదే విశాఖలో 2023 సెప్టెంబరులో కొత్త క్రూజ్ టెర్మినల్ ప్రారంభించారు. కొత్తగా కట్టినది, పాత సబ్‌మెరైన్ సాకు దానికి చెల్లదు. ఆ టెర్మినల్ గేటు దాటాక ఓ కుర్చీ మనిషి సింహాచలమో కైలాసగిరో వెళ్ళాలంటే ఏ బస్సు ఎక్కుతుంది? ఇప్పుడే అడగాలి. ఇండియాలోనూ 2016 నుంచి వికలాంగుల హక్కుల చట్టం ఉంది. దాని కింద పెట్టిన ప్రమాణాలు కేవలం సలహాల్లా ఉన్నాయని, తప్పనిసరి నిబంధనలు చేయాలని రాజీవ్ రతూరి కేసులో మన సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది. కోర్టు చెప్పిన మాట గోదావరి గట్టు దాకా ఎప్పుడు నడిచొస్తుందో. అత్తయ్యగారిది ముక్తేశ్వరం వైపు. చిన్నప్పుడు పంటు మీద గోదావరి దాటి కోటిపల్లి వచ్చేవారట. "పంటు మీదకి ఎడ్లబండే ఎక్కేది, ఇప్పుడు కార్లు ఎక్కుతున్నాయి. కారుకి వాలు వేస్తారు, నాకు వేయరా?" అంటారు.

ఓడ కంపెనీకి నేను ఉత్తరం రాశాను. బొమ్మ తీసేసి, బస్సుకి ఎన్ని మెట్లున్నాయో, తలుపు వెడల్పు ఎన్ని అంగుళాలో, లిఫ్టు ఎంత బరువు మోస్తుందో రాయమన్నాను. కుర్చీ ఉన్న ప్రయాణికుడికి ముందు రోజే బస్సు నంబరు ఇవ్వమన్నాను. బస్సు రాకపోతే ఆగిపోయిన రెండో మనిషి డబ్బులు కూడా వెనక్కివ్వాలన్నాను. ఇరవై రోజులకి జవాబొచ్చింది. మీ అనుభవానికి చింతిస్తున్నాం, మీ అభిప్రాయం మాకు విలువైనది, తర్వాతి క్రూజ్‌కి వంద డాలర్ల తగ్గింపు. నా టిక్కెట్టు ఊసు లేదు, బస్సు ఊసు లేదు.

దాన్ని చదివి వినిపిస్తే అత్తయ్యగారు కళ్ళజోడు తెమ్మన్నారు. రెండో ఉత్తరం ఆవిడే చెప్తున్నారు, తెలుగులో. మా అమ్మాయి పక్కన కూర్చుని ఇంగ్లీషులోకి మార్చి టైపు చేస్తోంది. "అయ్యా, నేను ఎక్కలేకపోయిన బస్సు గురించి రాస్తున్నాను" అని మొదలైంది. ఇప్పటికి రెండు పేజీలు అయింది. ఆవిడ ఇంకా స్కాగ్‌వే దాకా కూడా రాలేదు.